రంధ్రాల ఆపరేషన్ తర్వాత ఒంట్లో ఏం జరుగుతుంది

రంధ్రాల ఆపరేషన్ అని పిలిచే లాప్రోస్కోపీలో పొట్ట మీద పడే గాట్లు అర సెంటీమీటరు నుంచి సెంటీమీటరు పైచిలుకు వరకు ఉంటాయి. పిత్తాశయంలో రాళ్లకు చేసే ఆపరేషన్‌లో అలాంటివి మూడో నాలుగో పడతాయి. అదే పని పొట్ట కోసి చేస్తే కుడి పక్కటెముకల కింద జానెడు పొడవున చర్మం, కొవ్వు, కండరం అన్నీ తెగాలి. రోగికీ చుట్టాలకూ కనిపించే తేడా ఇదే. ఒళ్లు మాత్రం గాయాన్ని చర్మం మీది గీత పొడవుతో కొలవదు. ఎన్ని కణాలు చిట్లాయి, ఎంత కణజాలం నలిగింది, లోపలి పొర ఎంతసేపు గాలికి ఆరింది, సూక్ష్మజీవులు చేరాయా లేదా అన్నవే దానికి లెక్క. రంధ్రాల ద్వారా చేసినా, కోసి చేసినా పిత్తాశయాన్ని కాలేయం నుంచి విడదీయక తప్పదు. దాని నాళాన్నీ ధమనినీ మూసి కత్తిరించక తప్పదు. బోరు బండి నేల మీద వదిలి వెళ్లేది ఆరున్నర అంగుళాల రంధ్రమే, లోపల ఎంత రాయి తొలిచిందో పైనుంచి చూసేవారికి తెలియదు. గాయానికి ఒళ్లు చూపే ప్రతిస్పందనను వైద్యులు ఇన్‌ఫ్లమేషన్ అంటారు, తెలుగు వైద్య పుస్తకాలు శోథ అంటాయి.

శోథ లక్షణాలు నాలుగని ఒకటో శతాబ్దంలోనే రోమన్ రచయిత సెల్సస్ రాసిపెట్టాడు: ఎరుపు, వాపు, వేడి, నొప్పి. ఇది జబ్బు కాదని, గాయం మానడానికి ఒళ్లు చేసుకునే ప్రయత్నమని పద్దెనిమిదో శతాబ్దపు బ్రిటిష్ సర్జన్ జాన్ హంటర్ వాదించాడు. ఆయన మాట ఇప్పటికీ నిలిచింది. శోథ అసలు లేకపోతే గాటు అతుక్కోదు. అది అవసరానికి మించినా, ఆగవలసిన చోట ఆగకపోయినా మనిషికే ముప్పు.

కత్తి తగిలిన క్షణం నుంచి ఈ పని మొదలవుతుంది. తెగిన రక్తనాళం ముందు ముడుచుకుంటుంది, ప్లేట్‌లెట్లు అక్కడ పేరుకుంటాయి. చుట్టుపక్కల మాస్ట్ కణాలు హిస్టమిన్ వదలడంతో సన్న రక్తనాళాలు వెడల్పవుతాయి, వాటి గోడలు సడలి నీరు బయటికి ఊరుతుంది. ఎరుపు, వాపు దాని ఫలితమే. ప్రోస్టాగ్లాండిన్లు నరాల కొసలను సున్నితం చేయడంతో చిన్నగా తాకినా నొప్పి పుడుతుంది. ఆస్పిరిన్ వంటి మందులు ఈ ప్రోస్టాగ్లాండిన్ల తయారీనే ఆపుతాయని శాస్త్రవేత్త జాన్ వేన్ 1971లో తేల్చాడు.

సూక్ష్మజీవి ఒక్కటి కూడా లేని శుభ్రమైన గాయానికి ఒళ్లు ఎందుకు కదులుతుంది? కణం బతికున్నంత కాలం తన లోపలే దాచుకునే పదార్థాలు కొన్ని, కణం చిట్లగానే బయట పడతాయి. వాటిలో ముఖ్యమైనది ఏటీపీ, కణం పనులన్నిటికీ శక్తినిచ్చే అణువు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1929లో ఈ అణువును కండరంలో గుర్తించారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దాన్ని కనుగొన్నాడు. అప్పటికి అది కండరం ఎలా పనిచేస్తుందన్న ప్రశ్నకు సంబంధించిన సంగతి. కణం లోపల ఉండాల్సిన ఏటీపీ కణం బయట కనిపిస్తే రోగనిరోధక కణాలు దాన్ని ప్రమాద సూచనగా తీసుకుంటాయని తెలియడానికి ఇంకొన్ని దశాబ్దాలు పట్టింది.

ఇలాంటిదే మరొకటి మైటోకాండ్రియా డీఎన్ఏ. కోట్ల ఏళ్ల కిందట కణాల్లోకి చేరి స్థిరపడిన బ్యాక్టీరియా సంతతే మైటోకాండ్రియా. అందుకే దాని శకలాలు రక్తంలో కలిస్తే నిరోధక కణాలు బ్యాక్టీరియా వచ్చిందనే అనుకుంటాయి. తీవ్రంగా గాయపడినవారి రక్తంలో ఇది పెద్ద మోతాదులో ఉంటుందని 2010లో అమెరికా పరిశోధకులు చూపారు. ఆపరేషన్ అయిన రాత్రి ఇన్‌ఫెక్షన్ ఏమీ లేకుండానే ఒళ్లు కాస్త వెచ్చబడటం వెనుక ఇలాంటి పదార్థాలన్నిటి పాత్రా ఉంది.

ఈ సూచనలు అందుకుని మొదట వచ్చేవి న్యూట్రోఫిల్ అనే తెల్ల కణాలు. గంటల్లోనే గుంపుగా చేరి శిథిలాలను, చొరబడిన క్రిములను మింగుతాయి. ఒకటి రెండు రోజుల్లో మాక్రోఫేజ్‌లు వచ్చి ఆ పని తీసుకుంటాయి. ఈ కణాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేది సైటోకైన్లు అనే చిన్న ప్రొటీన్ల ద్వారా. శస్త్రచికిత్స విషయంలో వాటిలో ఎక్కువగా కొలిచేది ఇంటర్‌ల్యూకిన్ ఆరు. గాటు పడిన రెండు మూడు గంటల్లోనే ఇది రక్తంలో పెరగడం మొదలవుతుంది. ఎంత పెరిగిందన్నది ఎంత కణజాలం దెబ్బతిన్నదన్నదానికి దాదాపు అద్దం పడుతుంది. అది కాలేయాన్ని చేరి అక్కడ సీఆర్‌పీ అనే మరో ప్రొటీన్‌ను తయారు చేయిస్తుంది. న్యుమోనియా రోగుల రక్తంలో 1930లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో టిల్లెట్, ఫ్రాన్సిస్ కనుగొన్న పదార్థమిది. ఇప్పుడు చిన్న పట్టణాల ల్యాబుల్లో కూడా ఈ పరీక్ష చేస్తున్నారు. ఆరోగ్యవంతుల్లో లీటరుకు కొద్ది మిల్లీగ్రాములే ఉండే సీఆర్‌పీ, ఆపరేషన్ తర్వాత ఆరు నుంచి పన్నెండు గంటల్లో లేస్తుంది, రెండో మూడో రోజుకు శిఖరం చేరుతుంది, ఆ తర్వాత దిగుతుంది. పందొమ్మిది గంటలకోసారి సగానికి పడిపోయే స్వభావం దానిది. కాబట్టి కారణం తొలగితే ఇది త్వరగానే దిగాలి. దిగలేదంటే కారణం ఇంకా లోపల ఉందని అర్థం.

రక్తం ద్వారా సాగే ఈ కథకు సమాంతరంగా నరాల ద్వారా ఇంకొకటి నడుస్తుంది. గాయం వార్త వెన్నుపాము మీదుగా మెదడుకు చేరితే, అడ్రినల్ గ్రంథుల నుంచి కార్టిసాల్, అడ్రినలిన్ వెలువడతాయి. రక్తంలో చక్కెర పెరుగుతుంది, ఇన్సులిన్ మాట కణాలు వినవు. మధుమేహం లేనివారిలో కూడా ఆపరేషన్ మరునాడు చక్కెర ఎక్కువ కనిపించడానికి కారణమిదే. కుక్క కాలికి గాయం చేసేముందు ఆ కాలి నరాన్ని తెంచితే అడ్రినల్ స్పందన రాదని 1959లో ఎగ్డాల్ అనే అమెరికన్ సర్జన్ చూపాడు. నడుముకు మత్తు సూది ఇచ్చినప్పుడు పొత్తికడుపు ఆపరేషన్లలో కార్టిసాల్ అంతగా పెరగకపోవడం కూడా అందుకే. సైటోకైన్లు మాత్రం రక్తంలో ప్రయాణిస్తాయి గనుక వాటికి ఆ సూది పెద్దగా అడ్డు కాదు.

ఈ స్పందనకు కావలసిన సరుకు ఎక్కువగా కండరం నుంచే వస్తుంది. ఎముకలు విరిగిన రోగుల మూత్రంలో నత్రజని విపరీతంగా పోతోందని గ్లాస్గోలో డేవిడ్ కత్‌బర్ట్‌సన్ 1930ల్లో గమనించాడు. విరిగిన చోటి కండరం ఒక్కటే కాదు, ఒంట్లోని కండరమంతా కరిగి గాయానికీ కాలేయానికీ ప్రొటీన్ సరఫరా చేస్తోందని దాని సారాంశం. మన ఊళ్లలో పాటించే పథ్యం సరిగ్గా దీనికి ఎదురు దారిలో ఉంటుంది. ఆపరేషన్ అయినవారికి పప్పు పెడితే చీము పడుతుందన్న నమ్మకం గట్టిగా పాతుకుపోయింది. గుడ్డు వేడి అంటారు, పాలు వద్దంటారు, కొన్ని ఇళ్లలో వారాల తరబడి చారన్నమే. కంది పండే సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ ప్రాంతంలోనే ఇంట్లో ఉన్న పప్పును రోగికి దూరం పెట్టడం కంటే విచిత్రం ఉండదు. చీము పట్టేది సూక్ష్మజీవుల వల్ల. పప్పుకు అందులో ఏ పాత్రా లేదు. డాక్టరు తినమన్నప్పటి నుంచి పప్పు, గుడ్డు, పెరుగు తినేవారికే గాయం బాగా మానుతుంది. పిత్తాశయం తీసినవారు మొదట్లో నూనె, కొవ్వు తగ్గించుకుంటే తేలిగ్గా ఉంటుంది, అంతే.

కోసి చేసిన ఆపరేషన్‌నూ లాప్రోస్కోపీనీ పక్కపక్కన పెట్టి కొలిచిన అధ్యయనాలు 1990ల నుంచి చాలా వచ్చాయి. భారతదేశంలో మొదటి లాప్రోస్కోపిక్ పిత్తాశయ ఆపరేషన్ 1990లో ముంబై జె.జె. ఆసుపత్రిలో డాక్టర్ తెహెంటన్ ఉద్వాడియా చేశారు. జర్మనీలో ఎరిక్ మ్యూహె చేసిన మొదటి ఆపరేషన్‌కు అప్పటికి అయిదేళ్లే. ఆ కాలపు కొలతల్లో ఎక్కువ భాగం ఒక మాట మీద కలుస్తాయి: లాప్రోస్కోపీ తర్వాత ఇంటర్‌ల్యూకిన్ ఆరు, సీఆర్‌పీ స్పష్టంగా తక్కువ పెరుగుతాయి. కార్టిసాల్, అడ్రినలిన్ మాత్రం రెండింటిలోనూ ఇంచుమించు ఒకేలా ఉంటాయి. మొదట్లో ఇది చాలామందిని ఆశ్చర్యపరిచింది. నరాల దారినీ రక్తం దారినీ విడిగా చూస్తే ఆశ్చర్యానికి తావు లేదు. పొట్ట ఉబ్బించడం, లోపలి పొర సాగడం, పిత్తాశయాన్ని లాగడం నరాలకు తెలుస్తూనే ఉంటాయి. తగ్గినదల్లా నలిగిన కణజాలం, దాని నుంచి వెలువడే సూచనలు.

కణజాలం నష్టం తగ్గేది ముఖ్యంగా పొట్ట గోడలో. కోసి చేసినప్పుడు కండరాన్ని చీల్చి, గంట రెండు గంటలు ఇనుప పట్టీలతో ఎడంగా లాగి పట్టుకుంటారు. పేగులను చేతులతో పక్కకు నెడతారు, తడిగుడ్డలతో కప్పుతారు. థియేటర్ గాలికి పేగుల పైపొర ఆరి చల్లబడుతుంది. రంధ్రాల పద్ధతిలో ఇవేవీ ఉండవు. పిత్తాశయం, అపెండిక్స్ వంటి చిన్న పనుల్లో లోపలి గాయం చిన్నదే గనుక గోడను కాపాడుకుంటే లాభం బాగా కనిపిస్తుంది. పెద్దపేగు, గర్భసంచి వంటి పెద్ద పనుల్లో లోపలి గాయమే పెద్దది, అక్కడ తేడా కొంత సన్నబడుతుంది. నెదర్లాండ్స్‌లో నాలుగు వందల మంది పెద్దపేగు రోగులపై జరిగి 2011లో వెలువడిన లాఫా పరీక్షలో, లాప్రోస్కోపీతో పాటు త్వరగా తిండి పెట్టడం, త్వరగా నడిపించడం, గొట్టాలు త్వరగా తీసేయడం వంటి పద్ధతులు కలిసినప్పుడే రోగులు అందరికంటే ముందు ఇంటికి వెళ్లారు. ఆ పద్ధతులకు బాట వేసింది డెన్మార్క్ సర్జన్ హెన్రిక్ కెలెట్.

లాప్రోస్కోపీ తన వంతుగా తెచ్చిపెట్టే కొత్త చికాకు గ్యాసు. లోపల చూడటానికి చోటు కావాలి గనుక పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ నింపుతారు, పీడనం సాధారణంగా పన్నెండు నుంచి పదిహేను మిల్లీమీటర్ల పాదరసం. నిప్పంటుకోని వాయువు, రక్తంలో ఇట్టే కరిగి ఊపిరితో బయటికి పోతుంది. అందుకే దాన్ని ఎంచుకున్నారు. అయితే అది పొడిగా, గది వేడిమిలో లోపలికి వెళ్తుంది. లోపలి పొరను కొంత ఆరబెడుతుంది. తేమలో కరిగి ఆమ్లంగా మారుతుంది. ఆ ఆమ్లంలో మాక్రోఫేజ్‌ల చురుకు కాసేపు మందగిస్తుంది, సైటోకైన్లు తక్కువ వస్తాయి. లాప్రోస్కోపీలో శోథ తక్కువగా ఉండటానికి ఇదీ ఒక పాక్షిక కారణమని పరిశోధకులు అంటారు. అంటే మనం మెచ్చుకునే తక్కువ అంకెలో కొంత భాగం గాయం తగ్గడం వల్ల వచ్చిందైతే, కొంత కాపలా కాసే కణాలు తాత్కాలికంగా మందగించడం వల్ల వచ్చింది. ఆపరేషన్ అయ్యాక ఒకటి రెండు రోజులు భుజం పైభాగంలో వచ్చే నొప్పికి కూడా ఈ గ్యాసే కారణం. ఊపిరితిత్తుల కింది పొరకూ భుజానికీ నరాల మూలం మెడలో ఒకే చోట ఉండటంతో ఆ పొర చికాకు పడితే మెదడుకు అది భుజం నొప్పిగా తోస్తుంది. గుండె నొప్పేమోనని భయపడి పరుగులు తీసేవారు ఉన్నారు. పీడనాన్ని తక్కువలో ఉంచడం, చివర్లో గ్యాసు పూర్తిగా వదిలేయడం ఈ నొప్పిని తగ్గిస్తాయి.

స్పందనను అదుపులో పెట్టడానికి మత్తు డాక్టర్ల చేతిలో ఇంకా కొన్ని మార్గాలు ఉన్నాయి. రంధ్రాలు వేసే చోట మత్తు మందు ఎక్కించడం, మత్తు ఇచ్చే ముందు డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ ఒక్క మోతాదు, ఒళ్లు చల్లబడకుండా చూడటం. ఆ డెక్సామెథాసోన్ వాంతులను కూడా తగ్గిస్తుంది, మధుమేహం ఉన్నవారిలో చక్కెర పెంచుతుంది. యాంటీబయాటిక్‌లు ఈ జాబితాలోకి రావు. అవి సూక్ష్మజీవుల మీద పనిచేస్తాయి, శుభ్రమైన గాయపు వాపు మీద కాదు.

తెలుగు పల్లెల్లో ఎక్కువ మంది ఎరిగిన లాప్రోస్కోపీ పిత్తాశయానిది కాదు, కుటుంబ నియంత్రణది. దూర్బీన్ ఆపరేషన్ అనీ డీపీఎల్ అనీ పిలిచే ఇందులో రెండు చిన్న రంధ్రాలు, లోపల ఒక్కో గర్భనాళికకు ఒక్కో సిలికాన్ రింగు. కొన్ని నిమిషాల పని. రింగు పడిన నాళిక ముడికి రక్తం ఆగిపోతుంది, ఆ ముక్క చచ్చిపోయి నెమ్మదిగా కరుగుతుంది. ఆ ఒకటి రెండు రోజుల పొత్తికడుపు నొప్పి సూక్ష్మజీవులు లేని శోథకు మంచి ఉదాహరణ. ఒంటికి తగిలే దెబ్బ ఇంత చిన్నది కాబట్టే ఆడవాళ్లను సాయంత్రానికో మరునాడో ఇంటికి పంపేస్తారు.

అంత చిన్న ఆపరేషన్‌లో కూడా ఒళ్లు ఎలా అదుపు తప్పుతుందో రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం 2022లో చూపింది. ఆ ఏడాది ఆగస్టు 25న అక్కడి ప్రభుత్వ ఆసుపత్రిలో ముప్ఫై నాలుగు మంది మహిళలకు డీపీఎల్ చేశారు. కొద్ది రోజుల్లోనే నలుగురు చనిపోయారు, మిగిలినవారిని హైదరాబాద్ ఆసుపత్రులకు తరలించి కాపాడుకున్నారు. మొదట కనిపించినవి వాంతులు, విరేచనాల వంటి లక్షణాలు. ఇన్‌ఫెక్షన్ నివారణ జాగ్రత్తల్లో లోపమే మరణాలకు దారితీసిందని ప్రభుత్వ విచారణలో తేలింది. అంతకు ఎనిమిదేళ్ల ముందు ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర ఒకే రోజు ఎనభై మూడు మందికి ఇదే ఆపరేషన్ చేసిన శిబిరం తర్వాత పదమూడు మంది చనిపోయారు. ఆ విషాదాన్ని కూడా పరిగణనలోకి తీసుకున్న దేవికా బిశ్వాస్ కేసులో సుప్రీంకోర్టు 2016లో ఇలాంటి శిబిరాలను మూడేళ్లలో మాన్పించాలని చెప్పింది.

లాప్రోస్కోపును మామూలు కత్తెరలా ఉడికించడం చాలాచోట్ల కుదరదు. గ్లుటరాల్డిహైడ్ ద్రావణంలో ఒక రోగికీ మరో రోగికీ మధ్య కనీసం ఇరవై నిమిషాలు ముంచి ఉంచాలి. ఒక్కో పరికరంతో రోజుకు పది ఆపరేషన్లు దాటకూడదని ప్రభుత్వ నిబంధనలు చెప్పేది ఆ ఇరవై నిమిషాల కోసమే. వరుస పొడవైన కొద్దీ ముందుగా కుదించుకుపోయేది ఆ సమయమే. సూక్ష్మజీవులు కడుపులోకి చేరితే గాయానికి పరిమితం కావలసిన శోథ ఒళ్లంతా పాకుతుంది. రక్తనాళాలన్నీ ఒకేసారి సడలి నీరు కారుస్తాయి, రక్తపోటు పడిపోతుంది, మూత్రపిండాలు, ఊపిరితిత్తులు మొరాయిస్తాయి. దీన్నే సెప్సిస్ అంటారు. ఇన్‌ఫెక్షన్‌కు ఒళ్లు అదుపు తప్పి స్పందించడం వల్ల అవయవాలు దెబ్బతినడమే సెప్సిస్ అని 2016లో అంతర్జాతీయ నిపుణులు నిర్వచించారు. రంధ్రం చిన్నదైతే లోపల చేరిన సూక్ష్మజీవి చిన్నదైపోదు.

ఇక్కడే లాప్రోస్కోపీలోని ఒక ఇబ్బంది ఎదురవుతుంది. సీఆర్‌పీ శిఖరం చేరేది రెండో మూడో రోజు. పొట్ట కోసి ఆపరేషన్ చేసిన రోగి ఆ రోజుల్లో వార్డులో నర్సు కళ్లముందు ఉంటాడు. రంధ్రాల ఆపరేషన్ రోగి అప్పటికి ఇంట్లో ఉంటాడు. మొగుడంపల్లి లాంటి కర్ణాటక సరిహద్దు మండలంలో అయితే ఆ మంచం పక్కన ఉండేది భార్యో, తల్లో, మహా అయితే ఆశా కార్యకర్త. ల్యాబు లేని చోట కూడా సీఆర్‌పీ దారిని ఒంటి తీరు చాలావరకు చెబుతుంది. మొదటి రెండు రోజులు సన్నని జ్వరం, నూట ఒకటికి లోపల, సహజం. నొప్పి ప్రతి రోజూ నిన్నటికంటే తగ్గాలి, ఆకలి నిన్నటికంటే పెరగాలి, అడుగులు పెరగాలి. మూడో రోజు నొప్పి తిరిగి ఎక్కితే, పొట్ట బిగిస్తే, వాంతులు ఆగకపోతే, నాడి నిమిషానికి నూరు దాటితే, ఊపిరి వేగం పెరిగితే, మూత్రం తగ్గితే, కళ్లు పచ్చబడితే, మనిషి తికమకగా మాట్లాడితే అది సహజమైన శోథ కాదు. పిత్తనాళం నుంచి పసరు కారడం, పేగుకు తెలియకుండా పడిన గాటు, లోపల చీము, వీటిలో ఏదైనా కావచ్చు. లాప్రోస్కోపీలో స్పందన ఎలాగూ తక్కువగా ఉండాలి కాబట్టి, పెద్ద ఆపరేషన్ తర్వాత మామూలనిపించే జ్వరం ఇక్కడ మామూలు కాదు. పెద్దపేగు ఆపరేషన్లలో మూడో రోజు తర్వాత సీఆర్‌పీ నూట యాభై దాటి ఉంటే అతుకు కారుతోందేమోనని సర్జన్లు వెతుకుతారు.

ఈ దశలో జరిగే పెద్ద నష్టం ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర వేయించుకునే సూదితో. నొప్పి సూది, స్టెరాయిడ్ సూది శోథ గుర్తులను చెరిపేస్తాయి, లోపలి కారణాన్ని కాదు. జ్వరం దిగుతుంది, మనిషి లేచి కూర్చుంటాడు, ఇన్‌ఫెక్షన్ మాత్రం సాగిపోతుంది. ఆ ఒకటి రెండు రోజుల ఆలస్యమే ఖరీదైనది. ఇంటి నుంచి 108కు ఫోన్ చేసి, మొగుడంపల్లి వారైతే జహీరాబాద్ ఏరియా ఆసుపత్రికి వెళ్లడం మేలు. అవసరమైతే అక్కడి నుంచి జాతీయ రహదారి మీద సంగారెడ్డి, హైదరాబాద్‌లకు పంపుతారు. వెంట తీసుకెళ్లవలసింది డిశ్చార్జి కాగితం. ఏ ఆపరేషన్, ఏ తేదీన, ఏ మందులు అన్నవి అందులో ఉంటాయి. వాటిని చూడగానే డ్యూటీ డాక్టరు ఇది ఎన్నో రోజో లెక్క వేసుకుని, ఆ రోజుకు ఒంట్లో శోథ ఎంత ఉండాలో, ఎదురుగా ఉన్న రోగిలో ఎంత ఉందో పోల్చి చూడగలుగుతారు.